పారామికోతో తొమ్మిదేళ్లు

2016 నుంచి పైథాన్ భాషలో నేను రాసుకున్న చిన్న ప్రోగ్రాములు, అంటే స్క్రిప్టులన్నీ వేరే ఊళ్లలోని సర్వర్లతో మాట్లాడేది పారామికో ద్వారానే. మందుల హోల్‌సేల్ వ్యాపారం చేసే ఒక క్లయింటుకి ఆంధ్ర, తెలంగాణలు కలిపి 38 బ్రాంచీలు ఉన్నాయి. ఒక్కో బ్రాంచిలో ఒక లైనక్స్ మెషీన్. రాత్రి 2 గంటలకి క్రాన్ (చెప్పిన టైముకి పనులు నడిపే ప్రోగ్రాం) నా స్క్రిప్టుని మొదలుపెడుతుంది. అది ఒక్కో మెషీన్‌లోకి వెళ్లి, ఆ రోజు బిల్లులు పట్టుకొచ్చి విశాఖలోని మా సర్వర్లో పెడుతుంది. పొద్దున 8 గంటలకి క్లయింటు లెక్కలవాళ్లు వచ్చేసరికి అంతా సిద్ధంగా ఉండాలి. ఒక్క బ్రాంచి ఫైలు రాకపోయినా ముందు నాకే ఫోన్ వస్తుంది.

ఎస్‌ఎస్‌హెచ్ అంటే దూరంగా ఉన్న మెషీన్‌లోకి దారిలో ఎవరూ వినకుండా లాగిన్ అయ్యే పద్ధతి. పారామికో అంటే దాని రెండో వెర్షన్‌ని పైథాన్‌లోనే రాసిన లైబ్రరీ, అంటే మన స్క్రిప్టులో వాడుకోవడానికి సిద్ధంగా ఉన్న కోడ్. 2003లో రోబీ పాయింటర్ మొదలుపెట్టారు, తర్వాత చాలా ఏళ్లుగా జెఫ్ ఫోర్సియర్ చూసుకుంటున్నారు. ఆ పేరు ఎస్పెరాంటో భాషలోది. అనుమానం, స్నేహితుడు అనే అర్థాలున్న రెండు మాటలు కలిపి పెట్టారు. అనుమానపు పక్షి లాంటి నేస్తం అనుకోవచ్చు. ఈ పేరు ఎందుకు పెట్టారో నాకు రెండేళ్లు వాడాక గానీ తెలిసిరాలేదు.

ముందే చెప్పేస్తాను: ఇది మంచి లైబ్రరీ, ఇప్పటికీ ఇదే వాడుతున్నాను, మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకీ ఇదే నేర్పిస్తాను. అయితే నేర్పించేటప్పుడు మొదటి రోజంతా ఒక్క లైను గురించే మాట్లాడతాను.

ఎస్‌ఎస్‌హెచ్‌లో ప్రతి సర్వర్‌కీ తనదంటూ ఒక హోస్ట్ కీ ఉంటుంది, గుర్తింపు కార్డు లాంటిది. టెర్మినల్ నుంచి కొత్త సర్వర్‌కి మొదటిసారి వెళ్తే, ఈ మెషీన్ నాకు తెలియదు, దీని కీకి పొట్టి రూపమైన ఫింగర్‌ప్రింట్ ఇదీ, ముందుకెళ్లనా అని అడుగుతుంది. యెస్ అంటే నోన్ హోస్ట్స్ ఫైల్లో రాసుకుంటుంది. ఆ తర్వాత ఎప్పుడైనా కీ మారితే పెద్ద హెచ్చరిక చూపించి ఆగిపోతుంది. రాత్రి 2 గంటలకి నడిచే స్క్రిప్టు పక్కన యెస్ కొట్టడానికి మనిషి ఉండడు. అందుకే తెలియని సర్వర్ ఎదురైతే పారామికో కనెక్షనే వద్దంటుంది. దాని డిఫాల్ట్ అదే, రిజెక్ట్ పాలసీ.

కొత్తగా నేర్చుకునేవాళ్లకి మొదటి పది నిమిషాల్లోనే ఈ గోడ తగులుతుంది. సర్వర్ నోన్ హోస్ట్స్‌లో లేదని ఎర్రర్ వస్తుంది. నెట్‌లో వెతికితే దొరికే ఉదాహరణల్లో చాలావాటిలో ఒకటే మందు: తెలియని సర్వర్‌నైనా అడక్కుండా ఒప్పేసుకునే ఆటో యాడ్ పాలసీ పెట్టేయమంటారు. పెట్టగానే ఎర్రర్ పోతుంది, పని జరుగుతుంది. నేనూ 2016లో అలాగే పెట్టాను. రెండేళ్లు ఏ ఇబ్బందీ లేదు.

2018లో ఒక పొద్దున లాగ్ చూస్తున్నాను. అందులో ఒక లైను దగ్గర కళ్లు ఆగిపోయాయి. ఒక ఐపీ అడ్రస్, దాని పక్కన ఆథెంటికేషన్ ఫెయిల్డ్. ఆ ఐపీ క్లౌడ్‌లో మేం పెట్టుకున్న టెస్ట్ మెషీన్‌ది. దాన్ని అంతకు వారం ముందే తీసేశాం, స్క్రిప్టులోని జాబితాలోంచి తీయడం మర్చిపోయాం. లేని మెషీన్‌కి వెళ్తే టైమవుట్ రావాలి. మరి పాస్‌వర్డ్ తప్పు అని చెప్పిందెవరు?

క్లౌడ్ కంపెనీ ఆ ఐపీని ఇంకెవరికో ఇచ్చేసింది. అది మామూలుగా జరిగేదే, వాళ్ల తప్పేమీ లేదు. ఆ కొత్త మెషీన్‌లో కూడా ఎస్‌ఎస్‌హెచ్ నడుస్తోంది. మా స్క్రిప్టు వెళ్లి తలుపు కొట్టింది, అవతలివాళ్లు తమ హోస్ట్ కీ చూపించారు, ఆటో యాడ్ పాలసీ సరేనంది, వెంటనే మా పాస్‌వర్డ్ వాళ్ల చేతిలో పడింది. లాగ్ వెనక్కి తిప్పితే నాలుగు రాత్రులుగా ఇదే వరస. పైగా అప్పట్లో ఆ పాస్‌వర్డే 11 బ్రాంచి మెషీన్లకీ ఉండేది. నాకు ఒళ్లు చల్లబడిపోయింది.

చాలామంది పొరబడేది ఇక్కడే, అప్పటిదాకా నేనూ పొరబడ్డాను. దారిలో ఎవరూ వినకుండా ఎన్‌క్రిప్షన్ ఉంది కదా అని ధీమాగా ఉంటాం. దారి భద్రంగానే ఉంది. కానీ ఆ దారి ఎవరింటికి వెళ్తుందో చూసుకోలేదు. పాస్‌వర్డ్‌తో లాగిన్ అయితే ఆ పాస్‌వర్డ్ అవతలి సర్వర్‌కి ఉన్నది ఉన్నట్టుగా చేరుతుంది. చాలా సర్వర్లలో ఉండే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాం ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ మామూలుగా దాన్ని ఎక్కడా రాసిపెట్టదు. కావాలని మార్చి పెట్టుకున్న సర్వర్ అయితే రాసిపెడుతుంది, అలాంటివి నెట్ నిండా ఉన్నాయి. పాస్‌వర్డ్ బదులు కీ జత (ఒకటి పబ్లిక్, ఒకటి ప్రైవేట్) వాడి ఉంటే ఈ ప్రమాదం ఉండేది కాదు, ఎందుకంటే ప్రైవేట్ కీ మన మెషీన్ దాటి బయటికి పోదు, సంతకం మాత్రమే పోతుంది. 1995లో హెల్సింకి టెక్నాలజీ యూనివర్సిటీలో టాటూ ఇలోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ రాయడానికి కారణం అక్కడి నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డ్‌లు కాజేయడమే. ఆయన అంత కష్టపడి దారికి తాళం వేస్తే, నేను ఆ తాళం ఉన్న దారిలోనే పాస్‌వర్డ్ పట్టుకెళ్లి ముక్కూమొహం తెలియనివాళ్లకి ఇచ్చొచ్చాను.

ఆ రోజే 11 మెషీన్ల పాస్‌వర్డ్‌లూ మార్చాం. నెల తిరిగేలోపు పాస్‌వర్డ్ లాగిన్ మొత్తం మూసేసి, స్క్రిప్టుకంటూ ఈడీ25519 అనే కొత్త రకం కీ ఒకటి చేశాం. ఆ రకం తెలియని పాత సర్వర్లకి ఆర్‌ఎస్‌ఏ అనే పాత రకం కీ ఉంచక తప్పలేదు, దాని కథ తర్వాత చెప్తాను. బ్రాంచి మెషీన్లలో, ఏ కీలని లోపలికి రానివ్వాలో రాసుండే ఆథరైజ్డ్ కీస్ ఫైల్లో ఆ కీ మా విశాఖ ఐపీ నుంచి మాత్రమే, బిల్లులిచ్చే ఆ ఒక్క కమాండ్‌కి మాత్రమే పనిచేసేలా కట్టేశాం. రాత్రిపూట పాస్‌ఫ్రేజ్ (కీకి వేసే పాస్‌వర్డ్) కొట్టేవాళ్లు ఉండరు కాబట్టి కీకి పాస్‌ఫ్రేజ్ పెట్టలేదు. అందుకే ఈ కట్టడి ఇంకా ముఖ్యం. కీ దొంగ చేతిలో పడినా దాంతో చేయగలిగేది అంతవరకే.

ఆటో యాడ్ పాలసీ గురించి ఇంకో సంగతి. హోస్ట్ కీ మారితే అది ఊరుకుంటుందని కొందరు అంటారు. నిజానికి ఊరుకోదు. ఆ హోస్ట్ పేరు మీద వేరే కీ ముందే లోడ్ అయి ఉంటే, ఏ పాలసీ పెట్టినా పారామికో బ్యాడ్ హోస్ట్ కీ అని ఎర్రర్ ఇస్తుంది. మా గొడవ ఏమిటంటే స్క్రిప్టులో నోన్ హోస్ట్స్ ఫైలుని అసలు లోడే చేయలేదు. కాబట్టి ప్రతి రాత్రీ స్క్రిప్టుకి ఏమీ గుర్తుండదు, ప్రతి సర్వరూ కొత్తదే, ప్రతి కీ ఒప్పే. సిస్టమ్ హోస్ట్ కీలు లోడ్ చేసే లైను ఒక్కటి ఉన్నా కొంతైనా నయం. ఇప్పుడు నేను ఆ లైను పెట్టి, పాలసీ జోలికే పోను. డిఫాల్ట్‌ని డిఫాల్ట్‌లా వదిలేస్తాను.

ఇక రెండో పెద్ద దెబ్బ. 2019 మార్చి 31 రాత్రి. ఆర్థిక సంవత్సరం చివరి రోజు కాబట్టి ప్రతి బ్రాంచీ మామూలు బిల్లులతో పాటు స్టాకు జాబితా కూడా పంపాలి. పొద్దున చూస్తే ఖమ్మం దగ్గర స్క్రిప్టు ఆగిపోయి ఉంది. ఎర్రర్ లేదు, టైమవుట్ లేదు, రాత్రి 2:14 నుంచి అలాగే నిలబడిపోయి ఉంది. ఖమ్మం తర్వాతి బ్రాంచీలు ఒక్కటీ రాలేదు. లెక్కలవాళ్లు ఆ రోజు పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను.

నేను కమాండ్ పంపి, ముందు అది అయిపోయిందా అని ఎగ్జిట్ స్టేటస్ కోసం ఎదురుచూసి, ఆ తర్వాత అవుట్‌పుట్ చదివేవాడిని. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ మనం చదవకుండా ఉంటే అవతలి నుంచి ఎంత డేటా రావచ్చో దానికి ఎస్‌ఎస్‌హెచ్ ఛానెల్‌లో ఒక హద్దు ఉంటుంది, విండో అంటారు. పారామికోలో మామూలుగా అది 2 ఎంబీ. మామూలు రోజుల్లో ఖమ్మం బిల్లులు అందులో సరిపోయేవి. స్టాకు జాబితా కలిసేసరికి దాటిపోయింది. విండో నిండింది, మనం చదివితే గానీ అవతలి కమాండ్ మిగతాది పంపలేదు. అది ముగిస్తే గానీ మనం చదవం. ఒకరి కోసం ఒకరు పొద్దుటిదాకా కూర్చున్నారు. కమాండ్‌కి ఇచ్చిన టైమవుట్ చదవడానికే వర్తిస్తుంది, ఎగ్జిట్ స్టేటస్ కోసం చూసే ఎదురుచూపుకి వర్తించదు. ముందు అవుట్‌పుట్ మొత్తం చదివి, స్టేటస్ తర్వాత అడగాలి. ఎర్రర్ అవుట్‌పుట్‌కీ అదే విండో కాబట్టి అది కూడా ఎక్కువ వచ్చే కమాండ్లయితే రెండింటినీ ఒకే ఛానెల్లో కలిపేస్తాను. ఈ హెచ్చరిక పారామికో డాక్యుమెంటేషన్లో స్పష్టంగానే ఉంది, నేను చదివింది ఏప్రిల్ 1న.

చిన్నవి కొన్ని గబగబా చెప్తాను. ప్రతి కమాండూ కొత్త సెషన్, కాబట్టి ఒక కమాండ్‌లో ఫోల్డర్ మారితే తర్వాతి కమాండ్‌కి అది తెలియదు. లాగిన్ షెల్ కాదు కాబట్టి పాత్ (కమాండ్లని వెతికే ఫోల్డర్ల జాబితా) కూడా వేరుగా ఉంటుంది, కమాండ్లకి పూర్తి పాత్ ఇవ్వడం మంచిది. బ్రాంచీల్లో ఉన్న మామూలు బ్రాడ్‌బ్యాండ్ రౌటర్లు కాసేపు డేటా కదలకపోతే కనెక్షన్ తెంపేస్తాయి. 30 సెకన్లకి ఒకసారి కీప్ అలైవ్ (లైను బతికే ఉందని చెప్పే చిన్న సందేశం) పెట్టాక ఆ బాధ పోయింది. కీలు దాచి అందించే ఏజెంట్ ప్రోగ్రాంలో కీలు చాలా ఉన్న ల్యాప్‌టాప్ నుంచి నడిపితే, అసలు కీ దాకా రాకముందే సర్వర్ విసిగి తలుపు వేసేస్తుంది, మామూలు హద్దు 6 ప్రయత్నాలు. ఏజెంట్ వద్దు, వేరే కీలు వెతకొద్దు అని రెండు సెట్టింగులు చెప్తే సరిపోతుంది.

ఎస్‌ఎస్‌హెచ్ దారిలో ఫైళ్లు పంపే ఎస్‌ఎఫ్‌టీపీ భాగం నాకు నచ్చింది. ఫైలు పంపాక అవతల సైజు చూసి, తేడా ఉంటే ఎర్రర్ ఇస్తుంది. సైజు ఒక్కటే చూస్తుంది కాబట్టి నేను రెండు వైపులా ఫైల్లో ఉన్నదాన్ని బట్టి లెక్కగట్టే షా256 గుర్తు కూడా తీసి పోలుస్తాను. ఫైలుని మొదట తాత్కాలిక పేరుతో పంపి, అంతా వచ్చాకే అసలు పేరు పెడతాను. సగం ఫైలుని ఎవరూ తెరవకుండా ఉంటారు. పెద్ద ఫైళ్లకి మాత్రం వేగం తక్కువ. మామూలు ఎస్‌ఎఫ్‌టీపీ కమాండ్‌తో పోలిస్తే తేడా కంటికి కనిపిస్తుంది. డేటాబేస్ బ్యాకప్‌ల లాంటివి నేను దీంతో పంపను, ఫైళ్లు పంపే ఆర్‌సింక్ ప్రోగ్రాంకి వదిలేస్తాను.

వెర్షన్ మార్చేటప్పుడు జాగ్రత్త. 2019లో కొత్త ల్యాప్‌టాప్‌లో కీ చేస్తే, ఇది సరైన ఆర్‌ఎస్‌ఏ కీ కాదు అంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 7.8 నుంచి కీ ఫైలు రూపం మారింది, పారామికో 2.7 వచ్చేదాకా దాన్ని చదవలేకపోయింది. 2021 డిసెంబర్‌లో పారామికో 2.9 వచ్చింది. ఎస్‌హెచ్‌ఏ1 అనే పాత పద్ధతి సంతకాలు బలహీనమని, ఆర్‌ఎస్‌ఏ కీలకి ఎస్‌హెచ్‌ఏ2 సంతకాలు వాడటం మొదలుపెట్టింది. పద్ధతి సరైనదే. కానీ సెంటాస్ 6 అనే పాత లైనక్స్ మీద నడుస్తున్న మా ఆరు బ్రాంచి మెషీన్లలోని ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 5.3కి ఎస్‌హెచ్‌ఏ2 సంతకాలూ తెలియవు, ఈడీ25519 కూడా తెలియదు. కీలో తప్పేమీ లేకపోయినా ఆథెంటికేషన్ ఫెయిల్డ్ అనేది. ఆ ఆరింటికి మాత్రం కొత్త అల్గారిథమ్‌లు ఆపి కొన్నాళ్లు నెట్టుకొచ్చి, చివరికి మెషీన్లే మార్పించాం. ఇలాంటివి చిరాకు పెడతాయి గానీ, 2023 డిసెంబర్‌లో ఎస్‌ఎస్‌హెచ్ మీద టెర్రపిన్ అనే దాడి బయటపడిన రోజుల్లోనే 3.4 వెర్షన్‌లో దానికి అడ్డుకట్ట వచ్చేసింది. అందుకే పాత వెర్షన్ దగ్గరే ఆగిపోమని ఎవరికీ చెప్పను. ఒక మెషీన్ మీద ముందు పరీక్షించి, ఆ తర్వాత మిగతావాటికి వెళ్తాను.

పారామికోనే ఎందుకు, స్క్రిప్టులోంచి ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్‌నే పిలవొచ్చు కదా అని అడుగుతుంటారు. ఒకటి రెండు సర్వర్లకి, ఒకే కమాండ్‌కి నేనైనా అదే చేస్తాను. బ్యాచ్ మోడ్ పెడితే ఎక్కడా ప్రశ్న అడగదు, మన ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైలుని తనంతట తనే చదువుకుంటుంది. పారామికో అలా చదవదు, మనమే చదివించాలి. అయితే ఏ బ్రాంచిలో ఏ రకం తప్పు జరిగింది, లైను పోయిందా, కీ మారిందా, లాగిన్ కుదరలేదా అన్నది విడివిడిగా తెలియాలంటే పారామికోలో సులువు. ఒక్కోదానికి ఒక్కో ఎక్సెప్షన్, అంటే విడి ఎర్రర్, ఉంది. లైను పోతే మా స్క్రిప్టు పావుగంట తర్వాత మళ్లీ ప్రయత్నిస్తుంది. హోస్ట్ కీ మారితే మాత్రం మళ్లీ ప్రయత్నించదు, నాకు మెసేజ్ పంపి ఆ బ్రాంచిని వదిలేస్తుంది. రాయడం తేలిగ్గా ఉండాలనుకునేవాళ్లకి దీని మీదే కట్టిన ఫాబ్రిక్ అనే లైబ్రరీ ఉంది. వందల సర్వర్లకి ఒకేసారి వెళ్లాలంటే ఎసింక్ ఎస్‌ఎస్‌హెచ్ అనే లైబ్రరీ చూడండి. మా 38కి థ్రెడ్లు (ఒకే ప్రోగ్రాంలో ఒకేసారి నడిచే పనులు) చాలు.

మొన్న కర్నూలు బ్రాంచిలో హార్డ్ డిస్క్ పోయి మెషీన్ మళ్లీ ఇన్‌స్టాల్ చేశారు. రాత్రి స్క్రిప్టు కీ మారిందని ఆగిపోయింది. పొద్దున అక్కడి కుర్రాడికి ఫోన్ చేసి, మానిటర్ ముందు కూర్చోబెట్టి ఫింగర్‌ప్రింట్ తీయించాను. 43 అక్షరాలు ఉంటాయి.

"మొత్తం చదవాలా సార్? చివరి నాలుగు చెప్తే చాలదా?"

"మొత్తం చదువు నాన్నా. పెద్ద అక్షరమో చిన్న అక్షరమో కూడా చెప్పు."

అతను నిదానంగా చదివాడు, నా స్క్రీన్ మీద ఉన్నదాంతో ఒక్కొక్కటీ సరిచూసుకున్నాను. మధ్యలో చిన్న ఎల్లో, పెద్ద ఐయో అనుమానం వచ్చి వెనక్కి వెళ్లాం. ఐదు నిమిషాలు పట్టింది. 43వ అక్షరం కూడా కలిశాక పాత లైను తీసేసి కొత్తది రాసి, కర్నూలుకి స్క్రిప్టు మళ్లీ నడిపాను.