చేతి ఎయిర్‌బ్యాండ్ రేడియో: గంజాం తీరంలో ఏళ్లపాటు వాడిన తరువాత

చిన్న విమానాలు నడిపే ప్రైవేట్ పైలట్లు అత్యవసరానికని సంచిలో పెట్టుకునే చేతి ఎయిర్‌బ్యాండ్ రేడియోను (విమానాల సంభాషణకు కేటాయించిన తరంగాలపై పనిచేసే చేతి రేడియోను) నేను కొన్నేళ్లుగా వాడుతున్నాను. తయారీదారు పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే గుణదోషాలు ఈ తరగతి పరికరాలలో దాదాపు అన్నింటికీ ఉన్నవే. కొనదలచినవారు ముందుగా తెలుసుకోవలసింది ఒకటుంది. పెట్టెలోంచి తీసిన రూపంలో ఈ రేడియో చక్కగా వింటుంది గానీ, ఎగురుతున్న విమానంలోంచి తన మాటను అవతలివారికి చేర్చడంలో చాలా బలహీనమైనది. హెడ్‌సెట్ అడాప్టరు, విమానం పైకప్పు మీది యాంటెన్నాకు కలుపుకొనే కేబులు అనే రెండు వస్తువులు తోడైనప్పుడే ఇది నమ్మదగిన సాధనమవుతుంది. ఆ రెండూ కొనే ఉద్దేశం లేనివారు రేడియో కూడా కొనకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

మాది బరంపురం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, రేడియోలో ఇంగ్లీషు అనేది మా జిల్లాలో నాలాంటివారందరికీ అలవాటైన జీవితమే. నేను ఎగిరేది ఒక మిత్రుడి పేరిట నమోదైన నాలుగు సీట్ల సెస్నా 172లో. మా ప్రయాణాలు ఎక్కువగా భువనేశ్వర్, బరంపురం పక్కనున్న రంగైలుండ ఎయిర్‌స్ట్రిప్, విశాఖపట్నం మధ్య తీరం వెంబడి సాగుతాయి. కింద చిలికా, కొబ్బరి తోటలు, చేపల రేవులు కనిపించే ఈ దారి చూడడానికి ఎంతో ప్రశాంతంగా ఉంటుంది. విమానయాన పటమైన చార్టు తెరిస్తే మాత్రం ఇది జాగ్రత్తగా నడవవలసిన దారి అని అర్థమవుతుంది. దక్షిణాన విశాఖలో ఉన్నది ఐఎన్ఎస్ డేగా అనే నౌకాదళ వైమానిక స్థావరం. ఉత్తరాన, రంగైలుండకు కొద్ది దూరంలోనే, గోపాల్‌పూర్ దగ్గర సైన్యానికి చెందిన ఎయిర్ డిఫెన్స్ కళాశాల, దాని సముద్రాభిముఖ ఫైరింగ్ రేంజ్ ఉన్నాయి. 2025 మే 13న డ్రోన్లను కూల్చే భార్గవాస్త్ర రాకెట్లను పరీక్షించింది అక్కడే. ఇంకా ఉత్తరాన అబ్దుల్ కలాం ద్వీపం నుంచి క్షిపణి పరీక్షలు జరిగే రోజులలో బంగాళాఖాతం మీద పెద్ద మేర గగనతలాన్ని నోటమ్ (పైలట్లకు జారీ చేసే అధికారిక హెచ్చరిక ప్రకటన) ద్వారా మూసివేస్తారు.

మన చార్టులలో ఇటువంటి ప్రాంతాలను మూడు రకాలుగా గుర్తిస్తారు. వీఈ అనే అక్షరాలు తూర్పు ప్రాంతాన్ని సూచిస్తే, వాటి తరువాత వచ్చే అక్షరం పీ అయితే నిషేధిత క్షేత్రం, ఆర్ అయితే షరతులకు లోబడి మాత్రమే ప్రవేశించగల పరిమిత క్షేత్రం, డీ అయితే నిర్ణీత వేళల్లో విమానాలకు ముప్పు ఉండే ప్రమాద క్షేత్రం. మూడింటిలోనూ చిన్న విమానాల వారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఈ మూడోదే. నిషేధిత క్షేత్రం ఈ రోజూ రేపూ ఒకేలా ఉంటుంది కనుక దాని చుట్టూ గీత గీసుకుని తప్పుకోవచ్చు. ప్రమాద క్షేత్రం ఉదయం నిద్రాణంగా ఉండి మధ్యాహ్నానికి మేలుకోవచ్చు. బయలుదేరేముందు నోటమ్‌లు చదివి, పైలట్లకు సమాచారమిచ్చే ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్ నుంచి ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ నంబరు, అంటే గగనతల రక్షణ వ్యవస్థ అనుమతి సంఖ్య, తీసుకున్నా, గాలిలో ఉండగా మారిన సమాచారం మనకు అందే దారి రేడియో ఒక్కటే. అందుకే విమానంలో అమర్చి ఉన్న పానెల్ రేడియో మూగబోతే ఏమి చేయాలన్న ప్రశ్న మా దారిలో చాలా ముఖ్యమైనది.

ఇక పరికరం సంగతికి వస్తాను. ఇది 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ వరకు ఏఎమ్ (తరంగం బలాన్ని మార్చి మాటను పంపే) పద్ధతిలో పనిచేస్తుంది. విమానయానం ఇప్పటికీ ఏఎమ్‌ను పట్టుకుని ఉండడానికి మంచి కారణమే ఉంది. ఎఫ్ఎమ్‌లో బలమైన స్టేషను బలహీనమైనదాన్ని పూర్తిగా కప్పేస్తుంది. ఏఎమ్‌లో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఈల వంటి శబ్దం వచ్చి, రెండో మనిషి ఒకడున్నాడని వినేవారికి తెలిసిపోతుంది. చేతి రేడియోల క్యారియర్ శక్తి (మాట లేనప్పుడు కూడా వెలువడే మూల తరంగపు శక్తి) సాధారణంగా ఒకటిన్నర, రెండు వాట్ల దగ్గర ఉంటుంది. పెట్టె మీద కనిపించే ఐదు, ఆరు వాట్ల అంకె మాట ఉచ్చస్థాయిలో ఉన్నప్పటి గరిష్ఠ శక్తి మాత్రమేనని కొనేవారు గుర్తుంచుకోవాలి.

అయితే మా తీరంలో దూరాన్ని శాసించేది వాట్లకంటే ఎత్తు. ఈ రేడియో వాడే వీహెచ్ఎఫ్ తరంగాలు దాదాపు చూపు సాగినంత మేరకే సాగుతాయి. అడుగులలో ఎత్తుకు వర్గమూలం కట్టి 1.23తో గుణిస్తే నాటికల్ మైళ్లలో రేడియో క్షితిజం, అంటే మాట చేరగల దూరం, వస్తుంది. 2,000 అడుగుల దగ్గర అది సుమారు 55 నాటికల్ మైళ్లు, 5,500 అడుగుల దగ్గర సుమారు 91. పలాస మీద ఉన్న విమానానికి విశాఖ 90 మైళ్ల పైచిలుకు దూరం, భువనేశ్వర్ 120 మైళ్ల దరిదాపు దూరం. అంటే 2,000 అడుగుల ఎత్తున తీరం అందాలు చూస్తూ వెళ్లే పైలట్‌కు ఆ రెండు విమానాశ్రయాల టవర్లలో దేనితోనూ నేరుగా మాట కలవదు. దూరాన అమర్చిన రిలే యాంటెన్నాలు ఈ లోటును కొంత పూడుస్తాయి గానీ, పడమట 1,501 మీటర్ల మహేంద్రగిరితో లేచి నిలిచిన తూర్పు కనుమలు తక్కువ ఎత్తులో వెళ్లేవారికి అడ్డు వస్తూనే ఉంటాయి. ఈ లెక్క తెలిసిన తరువాత మేము వాతావరణం అనుమతించినంత వరకు పై ఎత్తులనే ఎంచుకుంటున్నాము. ఎంత ఖరీదైన రేడియో కొన్నా అంతటి మేలు చేయలేదు.

ఈ పరికరం నిజమైన విలువ ఒక సాయంత్రం బయటపడింది. విశాఖ నుంచి రంగైలుండకు 5,500 అడుగుల ఎత్తున వస్తూ శ్రీకాకుళం దాటిన తరువాత పానెల్ రేడియో హఠాత్తుగా మూగబోయింది. రాడార్‌కు విమానం సంకేతాన్ని పంపే ట్రాన్స్‌పాండర్‌లో రేడియో చెడిందని తెలిపే 7600 కోడ్ పెట్టి, చేతి రేడియో తీసి, దాని రబ్బరు యాంటెన్నాతోనే పిలిచాను. కంట్రోలర్ మాట స్పష్టంగా వినిపిస్తోంది గానీ, మా మాట ముక్కలు ముక్కలుగా చేరుతోందని ఆయన జవాబులను బట్టి అర్థమైంది. అల్యూమినియం కేబిన్‌లో కూర్చున్న చిన్న యాంటెన్నా నుంచి అంతకంటే ఎక్కువ ఆశించలేము. పక్కసీటులోని మిత్రుడు పానెల్ కింద ముందే అమర్చి ఉంచిన, పైకప్పు యాంటెన్నాకు వెళ్లే బీఎన్‌సీ (యాంటెన్నా కనెక్టర్) కేబులును రేడియోకు తగిలించాడు. మళ్లీ పిలవగానే "రీడబిలిటీ ఫోర్" అన్నారు, అంటే మాట బాగానే అర్థమవుతోందని. ఆ వెంటనే అందిన సమాచారం ఏమిటంటే, గోపాల్‌పూర్ రేంజ్‌లో మధ్యాహ్నంతో ముగియవలసిన కాల్పుల అభ్యాసాన్ని సూర్యాస్తమయం వరకు పొడిగించారు, కనుక తీరరేఖను విడిచిపెట్టి జాతీయ రహదారికి పడమటి వైపుననే ఉండాలి. ఇచ్ఛాపురం దగ్గర మేము రహదారికి పడమటి వైపుకు జరిగి, బరంపురం పట్టణం దాటి, భూమి వైపు నుంచి రంగైలుండలో దిగాము. బయలుదేరేముందు చదివిన నోటమ్‌ను మాత్రమే నమ్ముకుని, పాత సమయం దాటిందన్న ధీమాతో తీరం వెంబడే వచ్చి ఉంటే నేరుగా చురుకుగా ఉన్న ప్రమాద క్షేత్రంలోకి ప్రవేశించి ఉండేవాళ్లము. ఆనాడు మమ్మల్ని కాపాడింది రేడియో ఎంతో, ఆ మూరెడు కేబులు అంతే.

హెడ్‌సెట్ అడాప్టరు గురించి కూడా ఇంతే గట్టిగా చెప్పాలి. సెస్నా ఇంజన్ హోరులో చేతి రేడియో స్పీకరును చెవికి ఆనించుకున్నా అంకెలు వినబడవు. మైకు నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడితే అవతలివారికి ఇంజన్ శబ్దమే ఎక్కువ చేరుతుంది. అడాప్టరుకు విడిగా పీటీటీ (నొక్కి మాట్లాడే) మీట ఉన్నది తీసుకుని, దానిని కంట్రోల్ వీల్‌కు పట్టీతో కట్టుకుంటే ఒక చేయి ఖాళీగా ఉంటుంది. కంగారులో ఉన్న పైలట్‌కు ఆ ఖాళీ చేయి చాలా అవసరం.

నేను అతి ఎక్కువగా ఉపయోగించే సదుపాయం డ్యుయల్ వాచ్. ప్రధాన ఫ్రీక్వెన్సీ వింటూనే ఈ రేడియో మధ్యమధ్య 121.5ను కూడా తడిమి చూస్తుంది. ఈ అత్యవసర ఫ్రీక్వెన్సీ గురించి పాత అపోహ ఒకటి మా మిత్రులలో ఇంకా ఉంది. 121.5లో పిలిస్తే ఉపగ్రహాలు వింటాయని కొందరు నమ్ముతారు. ప్రమాద సంకేతాలను పట్టుకునే కాస్పాస్-సార్సాట్ ఉపగ్రహ వ్యవస్థ ఆ ఫ్రీక్వెన్సీని గమనించడం 2009 ఫిబ్రవరి 1 నుంచి మానేసింది. ఇప్పుడు అది వినేది 406 మెగాహెర్ట్జ్ బీకన్లను మాత్రమే. నేటికీ 121.5ను ఆలకించేది టవర్లు, పైన వెళ్లే ప్రయాణికుల విమానాలు, మనల్ని వెతుక్కుంటూ వచ్చే సైనిక విమానాలు. తక్కువ ఎత్తులో మాట అందనప్పుడు 35,000 అడుగుల ఎత్తున వెళ్తున్న ఏదో ఒక విమానం పైలట్ మన సందేశాన్ని కంట్రోలర్‌కు చేరవేయడం ఈ వృత్తిలో చక్కటి సంప్రదాయం.

సరిహద్దు దాటిన విమానానికి మాట కలవకపోతే ఏమవుతుందో 2005 మే 11న ప్రపంచమంతా చూసింది. పెన్సిల్వేనియా నుంచి నార్త్ కరోలినాకు బయలుదేరిన రెండు సీట్ల సెస్నా 150 ఒకటి దారి తప్పి వాషింగ్టన్ నిషిద్ధ గగనతలంలోకి ప్రవేశించింది. దానికీ అధికారులకూ మధ్య చాలాసేపు రేడియో సంబంధం కుదరలేదు. వైట్‌హౌస్‌నూ పార్లమెంటు భవనాన్నీ ఖాళీ చేయించారు, ఎఫ్-16లు హెచ్చరికగా వెలుగు గుళికలు విడిచాయి, చివరకు ఆ చిన్న విమానాన్ని మేరీలాండ్‌లోని ఫ్రెడరిక్‌లో దింపారు. ఆ విమానంలో ఉన్నవారికి దురుద్దేశం ఏదీ లేదు. కింద నిర్ణయం తీసుకోవలసినవారికి మాత్రం ఉద్దేశం కనబడదు, విమానం ఒక్కటే కనబడుతుంది. అందుచేత రేడియోతో పాటు అడ్డగింపు సంకేతాలు కూడా కంఠతా వచ్చి ఉండాలి. అడ్డగించడానికి వచ్చిన విమానం సాధారణంగా మనకు ఎడమ పక్కన, కొంచెం ముందు, కొంచెం పైన నిలిచి రెక్కలు ఊపుతుంది. మనమూ రెక్కలు ఊపి దాని వెంట వెళ్లాలి. అది ఒక్కసారిగా పైకెగసి 90 డిగ్రీలో అంతకు మించో తిరిగి వెళ్లిపోతే మనల్ని విడిచిపెట్టినట్టు. నేను ఈ సంకేతాలను, టవర్ చూపించే దీపాల అర్థాలను ఒక చిన్న కార్డు మీద రాసి రేడియో వెనుక అంటించుకున్నాను.

ఈ రేడియోలో జీపీఎస్, వీఓఆర్ (నేలమీది దిశానిర్దేశ రేడియో కేంద్రం) సూచిక కూడా ఉన్నాయి. విశాఖ వీఓఆర్ నుంచి ఏ రేడియల్ (దిశా రేఖ) మీద ఉన్నామో చూసుకోవడానికి అవి బాగానే పనికివస్తాయి. అయితే చిన్న తెర మీద బాణం గుర్తు మాత్రమే కనిపిస్తుంది, ఏ క్షేత్రం సరిహద్దూ కనిపించదు. దీన్ని చూసుకుంటూ ప్రమాద క్షేత్రం అంచు వెంబడి ఎగరవచ్చని ఎవరూ అనుకోకూడదు. చార్టు మీద గీసుకున్న గీతకు కొన్ని మైళ్లు దూరంగా జరిగి ఎగరడమే మేము పాటించే పద్ధతి.

మన్నిక విషయంలో నాకు సంతృప్తి ఉంది, కాకపోతే సముద్రపు గాలితో పేచీ తప్పదు. గోపాల్‌పూర్ వైపు ఉప్పు తేమకు బీఎన్‌సీ మొనల మీద పచ్చటి చిలుము పడుతుంది. కాంటాక్ట్ క్లీనర్‌తో తుడిచి ఆరబెట్టకపోతే పంపే శక్తి తగ్గిపోతుంది, వినిపించడం మాత్రం మామూలుగానే ఉంటుంది కనుక లోపం ఉన్నట్టు తెలియను కూడా తెలియదు. అందువల్ల నేలమీద ఉన్నప్పుడే అవతలివారిని అడిగి రేడియో చెక్ చేయించుకోవడం అవసరం. లిథియం బ్యాటరీని వేసవిలో పార్కింగ్‌లో ఉన్న విమానంలో వదలకూడదు. మా ఎండలకు రెండు మూడు వేసవులలోనే దాని సామర్థ్యం స్పష్టంగా తగ్గింది. మామూలు పెన్సిల్ సెల్స్ పట్టే విడి కేస్ దొరికితే తప్పకుండా కొనండి. పాడేరులోనైనా పర్లాకిమిడిలోనైనా ఆ సెల్స్ దొరుకుతాయి, కంపెనీ బ్యాటరీ దొరకదు.

చివరగా లైసెన్సు సంగతి. మన దేశంలో ఈ రేడియోను వైర్‌లెస్ అనుమతి లేకుండా ఉంచుకోవడం, ఆర్‌టీఆర్ (విమానయాన రేడియోలో మాట్లాడేందుకు ఇచ్చే అర్హత) ధ్రువపత్రం లేనివారు దీనిలో మాట్లాడడం చట్టవిరుద్ధం. ఆర్‌టీఆర్ పరీక్షల బాధ్యత లోగడ టెలికం శాఖది. 2025 జనవరి 1న అమలులోకి వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమం ప్రకారం అది పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకు మారింది. విదేశాల నుంచి బంధువుల ద్వారా తెప్పించుకుంటే కస్టమ్స్ దగ్గర ఆగిపోయే అవకాశం ఎక్కువ కనుక, ముందు అనుమతి పత్రాలు సిద్ధం చేసుకుని, ఆ తరువాతే రేడియోకు, దానితో పాటే అడాప్టరుకు, కేబులుకు ఆర్డరు పెట్టండి.