స్నోక్వాల్మీలో ఉన్న 'స్నో' మంచు కాదు

మేం ఉండేది అమెరికాలో, సియాటెల్ పక్కనున్న బెల్వ్యూలో. ఐ-90 హైవే ఎక్కితే గంటలోపే స్నోక్వాల్మీ కనుమ. ఏడేళ్లుగా ప్రతి చలికాలం స్కీయింగ్‌కి వెళ్తున్నాం కానీ పేరు గురించి ఒక్కసారీ ఆలోచించలేదు. పోయిన ఫిబ్రవరిలో నాన్నగారు ఏలూరు నుంచి వచ్చారు, కార్లో ఆ బోర్డు చూసి "స్నో అంటే మంచు, సరే. క్వాల్మీ అంటే ఏంట్రా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి కూర్చుని చదివాను.

అసలు ఆ పేరులో మంచే లేదు! అది అక్కడి మూలవాసుల పేరు. వాళ్ల లషూట్‌సీడ్ భాషలో దాదాపు 'స్‌దుక్వాల్‌బిఖ్వ్' అని పలుకుతుంది, చంద్రుడి ప్రజలు అని అర్థం చెబుతారు. మరి ద, బ ఉన్నచోట న, మ ఎలా వచ్చాయంటే, తెల్లవాళ్లు వచ్చిన కాలంలో అక్కడివాళ్లు ద-న మధ్యన, బ-మ మధ్యన ఉండే ధ్వనులు పలికేవారట, రాసుకున్నవాళ్ల చెవికి అవి న, మ లాగా వినిపించి అలాగే రాసేశారు, ఆ తర్వాత ఆ భాషలో మాత్రం ద, బ లే నిలబడ్డాయి. ఇప్పుడు మామూలు మాటల్లో న, మ లేని అరుదైన భాషల్లో ఇదొకటి. ఇది చెప్పగానే నాన్నగారు "అయితే అమ్మ, నాన్న అని పలకలేని భాషన్నమాట" అని చాలాసేపు మాట్లాడలేదు.

మనవాళ్లు బోలెడుమంది ఉండే సమామిష్, ఇంకా స్నోహోమిష్, డువామిష్ అనే ఇక్కడి పేర్ల చివరున్న 'మిష్' కూడా ప్రజలు అనే అర్థమిచ్చే ప్రత్యయమే. ఇక స్నోక్వాల్మీని పలికేటప్పుడు 'క్వాల్' మీద ఒత్తాలి. మేం ఇన్నాళ్లూ 'ల్' మింగేసి స్నోక్వామీ అనేవాళ్లం.

ఇప్పుడు స్కీ సంగతి. కనుమ దగ్గర నాలుగు చోట్లున్నాయి: సమ్మిట్ వెస్ట్, సెంట్రల్, ఈస్ట్, ఆల్పెంటల్. కొత్తవాళ్లు వెస్ట్‌కి వెళ్లండి, వాలు నిదానంగా ఉంటుంది, మా అమ్మాయి అక్కడే నేర్చుకుంది. ఆల్పెంటల్ బాగా నిటారు, చేయి తిరిగినవాళ్లకే. ఈస్ట్ పాత పేరు హయాక్, చినూక్ జార్గన్ అనే వర్తకుల భాషలో 'త్వరగా' అని. అక్కడి హయాక్ స్నో-పార్క్‌లో స్లెడ్ మీద జారొచ్చు, ఈ 'స్నో' మాత్రం నిజంగా మంచే. పర్మిట్ ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోండి. పెద్దవాళ్లతో వెళ్తే నా ఓటు దీనికే, లిఫ్ట్ క్యూల టెన్షన్ ఉండదు. కనుమ ఎత్తు సుమారు 3,000 అడుగులే, సముద్రం దగ్గర, అందుకని మంచు తడిగా బరువుగా ఉంటుంది. జీన్స్ వేసుకెళ్తే అరగంటలో తడిసి ముద్దవుతాయి, వాటర్‌ప్రూఫ్ ప్యాంటు తప్పనిసరి. బయల్దేరేముందు రోడ్డు పరిస్థితి చూసుకోండి, ఒక్కోసారి టైర్లకు గొలుసులు కట్టమంటారు.

రాత్రి బస కింద ఊళ్లో చేశాం. రూమ్ చవకే కానీ హీటర్ సరిగా పనిచేయలేదు, రెండుసార్లు చెప్పినా ఎవరూ రాలేదు, నాన్నగారికి రెండు దుప్పట్లు కప్పాల్సి వచ్చింది. సియాటెల్ చుట్టుపక్కల ఉండేవాళ్లు రాత్రి ఆగకుండా ఇంటికెళ్లిపోవడమే మేలు.

మర్నాడు స్నోక్వాల్మీ జలపాతం దగ్గరికెళ్లాం. 268 అడుగులు, నయాగరా కంటే ఎత్తు, చూడ్డానికి టికెట్ లేదు. ఆ తెగకు అది పవిత్ర స్థలం, ఆ తుంపరలు తమ ప్రార్థనలను పైకి మోసుకెళ్తాయని వాళ్ల నమ్మకం. జలపాతం పక్కనున్న లాడ్జిని, చుట్టూ ఉన్న భూమిని 2019లో వాళ్లే కొనుక్కున్నారు. ఆ సంగతి చదివినప్పుడు నాకు చాలా సంతోషమేసింది. నా మట్టుకు నాకు ముందు జలపాతం చూసి, ఆ తర్వాతే కొండెక్కాలనిపిస్తుంది.

అక్కడికి దగ్గర్లోనే, నార్త్ బెండ్ ఊరి మీద నిలబడి ఉంటుంది మౌంట్ సై. పేరు జొసయ్య ('సై') మెరిట్ అనే వలసదారుడిది, కానీ ఆ కొండ ఆకాశం నుంచి పడిపోయిన చంద్రుడి దేహమని తెగ కథ. రాళ్లలో ముఖం కనిపిస్తుందంటారు. మేం వెళ్లినరోజు మబ్బు కమ్మేసి కొండ సగమే కనిపించింది, నాన్నగారు కారు దిగి పది నిమిషాలు అటే చూస్తూ నిలబడ్డారు. ఆయన మే దాకా ఉంటారు, ఏప్రిల్‌లో ఎండ కాసిన రోజు చూసి మళ్లీ తీసుకెళ్తాను.