చీలమండ కోసం విజయవాడ: ఫిజియోథెరపీ, బస, నడక

చీలమండ విరిగి కట్టు విప్పించుకున్నవాళ్లు ఫిజియోథెరపీకి విజయవాడ వెళ్తామంటే అందరూ ముందు డాక్టరు పేరే చెబుతారు. నేనైతే గది ఏ అంతస్తులో ఉంది, బాత్‌రూమ్ ఎలాంటిది అని ముందు అడగమంటాను. క్లినిక్‌లో ఉండేది రోజుకు ముప్పావుగంట. మిగతా పొద్దంతా ఆ గదిలోనే గడుస్తుంది, కాలు మళ్లీ వంగడం మొదలుపెట్టేదీ అక్కడే.

మాది మార్కాపురం. వానకు తడిసిన మెట్ల మీద కాలు మడతపడి చీలమండ బయటివైపు ఎముక, అంటే ఫిబులా కింది చివర, చిట్లింది. ఆపరేషన్ అవసరం లేని ఇలాంటి విరుగుళ్లకు సాధారణంగా ఆరు వారాలు కట్టు ఉంచుతారు. ఆ ఆరు వారాల్లో ఎముక అతుక్కుంటుంది గానీ, చుట్టూ ఉన్నదంతా బిగుసుకుపోతుంది. కీలు చుట్టూ ఉండే పొర గట్టిపడుతుంది, పిక్క కండరం పొట్టిదై సన్నబడుతుంది. కట్టు విప్పిన రోజు నా రెండు పిక్కలూ పక్కపక్కన చూసి మా అక్క మాట్లాడలేదు. పాదం పైకి ఎత్తమంటే వేళ్లు మాత్రమే కదిలాయి.

రైలు గుంటూరు మీదుగానే వెళ్తుంది కాబట్టి ముందు అక్కడ దిగాం. కొత్తపేటలో ఆసుపత్రులు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి, ఎక్స్‌రే, ల్యాబు, మందుల షాపు అన్నీ నడిచే దూరంలోనే. ఎముకల డాక్టరు కొత్త ఎక్స్‌రే చూసి, "ఎముక బాగా అతికిందమ్మా, ఇక మీకు నా పని లేదు, వ్యాయామం పని ఉంది" అన్నారు. నేల చదునుగా ఉండే ఊరు, బ్రాడీపేటలో అడ్డరోడ్లకు నంబర్లుండటంతో చిరునామా వెతుక్కునే బాధ లేదు. కాలు బాగాలేనివాళ్లకు ఇది చిన్న సంగతి కాదు. గుంటూరులో చుట్టాలుంటే అక్కడే ఉండిపోండి. మాకైతే అక్క కూతురు ఉద్యోగం విజయవాడలో, రాత్రిపూట తోడుంటుందని అక్కడికి వెళ్లాం.

విజయవాడలో డాక్టర్ల వీధి అంటే సూర్యారావుపేటే. మేం మొదట వెళ్లిన ఫిజియోథెరపీ సెంటరు ఆ పక్కనే. పేరు రాయను. ముందే ప్యాకేజీ డబ్బు కట్టించుకున్నారు. రోజూ ఒక కుర్రాడు వచ్చి కాలికి ప్యాడ్లు అంటించి కరెంటు పెట్టేవాడు, తర్వాత అల్ట్రాసౌండ్, తర్వాత వేడి. టైమర్ మోగగానే "అయిపోయిందమ్మా" అనేవాడు. ఎవరూ నా చీలమండను చేత్తో పట్టుకుని వంచి చూడలేదు, ఎంత వంగుతోందో కొలవలేదు, ఇంట్లో ఏం చేయాలో చెప్పలేదు. కరెంటు, వేడి నొప్పిని కాసేపు తగ్గిస్తాయి, వ్యాయామానికి ముందు అవి పనికొస్తాయి కూడా. కానీ పొట్టిదైన కండరం మెషిన్ కింద పడుకుంటే సాగదు. దాన్ని సాగదీస్తేనే సాగుతుంది. నొప్పితో దూరం నుంచి వచ్చేవాళ్లకు ఈ మాట మొదటిరోజే చెప్పకపోవడం నాకు చాలా బాధ కలిగించింది.

అక్క కూతురి ఆఫీసులో ఎవరో చెబితే మొగల్రాజపురంలో ఒక చిన్న క్లినిక్‌కి మారాం. కింది అంతస్తు, గుమ్మం దగ్గర మెట్టు బదులు వాలు, లోపల రెండు బల్లలు, ఒక నిలువుటద్దం, గోడకు చెక్క నిచ్చెన. ఫిజియోథెరపిస్టు ముప్పై ఏళ్లు దాటని అమ్మాయి. మొదటి సిట్టింగ్ సగం కొలతలకే పోయింది. కోణమానినితో రెండు కాళ్లూ కొలిచి కాగితం మీద రాసింది. తర్వాత గోడకు ఎదురుగా నిలబెట్టి, మడమ నేల మీద నుంచి లేవకుండా మోకాలు గోడకు తాకించమంది. బొటనవేలిని గోడ నుంచి ఎంత దూరం జరిపినా మోకాలు తాకుతోందంటే చీలమండ అంత బాగా వంగుతున్నట్టు. బాగున్న కాలికి సుమారు 10 సెంటీమీటర్లు వస్తుంది. నా కుడికాలు వేలు గోడకు ఆనించి పెట్టినా మోకాలు చేరలేదు. ఆ అమ్మాయి కంగారుపడలేదు. "మామూలు నడకకు చీలమండ పైకి 10 డిగ్రీలు వంగితే సరిపోతుందమ్మా. మెట్లు దిగాలంటే 20 పైన కావాలి. గొంతుకూర్చోవడం అన్నిటికన్నా ఆఖర్న వస్తుంది. ఈ వరసలోనే వెళ్దాం" అంది. ఏది ఎప్పుడు వస్తుందో తెలిశాక నా టెన్షన్ సగం తగ్గిపోయింది.

ఆమె నేర్పినవి వివరంగా రాస్తాను, ఎందుకంటే మొత్తం ప్రయాణంలో డబ్బుకు తగిన విలువ ఇక్కడే దొరికింది. ముందు బకెట్‌లో గోరువెచ్చని నీళ్లలో పాదం పెట్టి, నీళ్లలోనే బొటనవేలితో అ, ఆ, ఇ, ఈ రాయాలి. కీలు అన్ని దిక్కులకూ తిరుగుతుంది. తర్వాత మంచం మీద కాలు చాపి కూర్చుని, తువ్వాలు పాదం ముందుభాగానికి తగిలించి రెండు చేతులతో తనవైపు లాగాలి. వారం తర్వాత గోడ పట్టుకుని నిలబడి చేసేవి మొదలుపెట్టింది. బాగాలేని కాలు వెనక్కి పెట్టి, మోకాలు నిటారుగా ఉంచి, మడమ నేలకు అదిమి ముందుకు వంగితే పిక్క పైభాగం లాగుతుంది. అదే భంగిమలో వెనక మోకాలు కొంచెం వంచితే లాగడం కిందికి, మడమ దగ్గరికి దిగుతుంది. పైది గ్యాస్ట్రోక్నీమియస్, లోపలిది సోలియస్. పైది మోకాలిని కూడా దాటుతుంది కాబట్టి మోకాలు నిటారుగా ఉంటేనే సాగుతుంది, సోలియస్ మోకాలి కిందే మొదలవుతుంది కాబట్టి మోకాలు వంచినప్పుడు దాని వంతు వస్తుంది. ఒకటే చేసి రెండోది వదిలేస్తే మెట్లు దిగడం దగ్గర ఆగిపోతారని ఆమె గట్టిగా చెప్పింది.

ఒక్కోసారి 30 సెకన్లు ఆగాలి, ఊపకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. ఊపితే కండరం తనను తాను కాపాడుకోవడానికి ఇంకా బిగుసుకుంటుంది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ మార్గదర్శకాలు పెద్దవాళ్లకు 10 నుంచి 30 సెకన్లు, వయసు మళ్లినవాళ్లకు 30 నుంచి 60 సెకన్లు ఆగమంటాయి. ఒక్కో కండరానికి మొత్తం కలిపి ఒక నిమిషం వచ్చేలా తిరిగి తిరిగి చేయాలి. "లాగుతున్నట్టు ఉండాలమ్మా, పొడుస్తున్నట్టు ఉండకూడదు" అని ప్రతి సిట్టింగ్‌లో అనేది. చేశాక కాస్త వాపు వస్తే గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు. మర్నాటికి కూడా నొప్పి పెరిగే ఉంటే ఆ రోజు తగ్గించి చేయాలి. పిక్క ఒక్కసారిగా వాచి, వేడెక్కి, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే మాత్రం వ్యాయామం ఆపి ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కట్టులో ఉన్న కాలికి రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. ఈ జాగ్రత్త నాకు కట్టు వేసినప్పుడు ఎవరూ చెప్పలేదు.

విజయవాడలో సిట్టింగ్‌కు 300 నుంచి 500 దాకా అడుగుతున్నారు. ఈ అమ్మాయి రోజూ రావద్దంది. మొదట్లో రోజు విడిచి రోజు, తర్వాత వారానికి రెండు, ఆ తర్వాత ఫోన్‌లో వీడియో చూపిస్తే చాలంది. పేషెంటు తన దగ్గరికి రావాల్సిన అవసరాన్ని తనే తగ్గించుకుంటూ పోయే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

తక్కువ ఖర్చులో చూపించుకోవాలంటే మంగళగిరి ఎయిమ్స్ ఉంది. 2019లో ఓపీ మొదలైంది, చీటీ పది రూపాయలు. విజయవాడ నుంచి జాతీయ రహదారి మీద పన్నెండు, పదమూడు కిలోమీటర్లు. క్యాంపస్ చాలా పెద్దది, నడవలేనివాళ్లు తోడు లేకుండా వెళ్లొద్దు, పొద్దున్నే చేరుకోవాలి. రోగం అర్థం కాని కేసులకు, రెండో అభిప్రాయానికి అదే మంచిది. రోజూ చేసే సాగదీత వ్యాయామానికి మాత్రం బసకు దగ్గరగా ఉన్న చిన్న క్లినిక్కే నయం. ఉండవల్లి కరకట్ట మీద మంతెన సత్యనారాయణరాజు గారి ప్రకృతి వైద్య ఆశ్రమం గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. ఉప్పు లేని భోజనం, కృష్ణ ఒడ్డు, క్రమం తప్పని దినచర్య బరువుకూ షుగరుకూ వెళ్లేవాళ్లకు నచ్చుతాయి. కొత్తగా అతికిన ఎముకకు కావలసింది వేరు. ముందు ఫిజియోథెరపీ పూర్తిచేసుకుని అక్కడికి వెళ్లడం మేలని నా అభిప్రాయం.

ఇక బస. మొదట గవర్నరుపేటలో లాడ్జి తీసుకున్నాం. ఫోన్‌లో లిఫ్టు ఉందన్నారు. ఉంది, కానీ అది మొదలయ్యేది మొదటి అంతస్తు నుంచి, అక్కడిదాకా నిటారు మెట్లు. వాకర్‌తో ఎవరూ ఎక్కలేరు. అక్క నన్ను వెనక నుంచి పట్టుకుని ఎక్కించింది. పరుపు మధ్యలో దిగిపోయి, కాలు చాపి కూర్చుంటే నడుము వంగిపోయేది. బాత్‌రూమ్ గుమ్మం దగ్గర జానెడు మెట్టు, నున్నటి టైల్సు, ఎప్పుడూ తడి. నిలబడి గోడకు ఆనే వ్యాయామం చేద్దామంటే ఒక గోడకు మంచం, ఇంకో గోడకు బీరువా.

తర్వాత క్లినిక్‌కి రెండు వీధుల అవతల, కింది అంతస్తులో ఒక సర్వీస్ అపార్ట్‌మెంట్ దొరికింది. అద్దె లాడ్జి కన్నా ఎక్కువే. అయినా వెస్టర్న్ టాయిలెట్, గట్టి మంచం, ఖాళీగా ఉన్న ఒక గోడ, చిన్న వంటగది ఉన్నాయి. అక్క కుక్కర్‌లో అన్నం పెట్టేది, కూరలు సందు చివర కర్రీ పాయింట్ నుంచి. భోజనానికి బయటికి వెళ్లే పని లేకపోవడంతో వ్యాయామం వేళ తప్పలేదు. ఆ ఎక్కువ అద్దె నేను సంతోషంగా ఇచ్చాను.

నడక మొదలుపెట్టాక రోజూ పొద్దున బందరు రోడ్డులో ఇందిరాగాంధీ స్టేడియానికి వెళ్లేవాళ్లం. నేల చదును, వాకింగ్‌కి వచ్చేవాళ్లు ఎక్కువ, అలిసిపోతే కూర్చోవచ్చు. బస్టాండు దగ్గరి రాజీవ్ గాంధీ పార్కు నీడగా ఉంటుంది, సాయంత్రం పిల్లల పరుగులు మాత్రం కర్ర పట్టుకున్నవాళ్లకు భయం. ప్రకాశం బ్యారేజీ మీద నడవాలని నాకు కోరిక. 1957లో పూర్తయిన కట్టడం, మా వైపు మనిషి ప్రకాశం పంతులు గారి పేరు, పొడవు 1,223 మీటర్లు. నడుస్తున్నప్పుడు గాలి బావుంటుంది గానీ పక్కనే బండ్లు, మధ్యలో కూర్చునే చోటు తక్కువ. సగం వెళ్లి వెనక్కి రావడం కన్నా అవతలి ఒడ్డున ఆటో ఆపి ఉంచుకోవడం తెలివి. 2016 పుష్కరాల నాటి ఘాట్ల మెట్లు వెడల్పుగా, అందంగా ఉంటాయి. పట్టుకోవడానికి ఊత లేనిచోట, నాచు పట్టినచోట దిగొద్దు. భవానీ ద్వీపానికి పడవ ఎక్కేటప్పుడు అడుగు ఊగుతుంది, ఒంటికాలి మీద నిలబడగలిగాకే వెళ్లండి.

దుర్గమ్మ దర్శనానికి మెట్లదారి కాకుండా వాహనాల దారి, లిఫ్టు ఉన్నాయి. శుక్రవారం, దసరా రోజుల్లో రద్దీలో కాలు తొక్కించుకునే భయం ఉంది కాబట్టి మామూలు రోజు మధ్యాహ్నం వెళ్లాం. ఉండవల్లి గుహలను ఆఖరికి వదిలేశాం. నాలుగంతస్తుల కొండ తొలుపు, పైన ఒకే రాతిలో పడుకున్న అనంతపద్మనాభుడు. ఎక్కడం ఎవరికైనా వస్తుంది, దిగడంలోనే చీలమండ సంగతి తెలుస్తుంది. మెట్టు మెట్టుకూ బాగున్న కాలు ముందు పెట్టి ఎక్కాలి, బాగాలేని కాలు ముందు పెట్టి దిగాలి. ఆ అమ్మాయి నేర్పిన ఈ వరస ఆ రోజు అక్షరాలా పనికొచ్చింది. స్వామిని చూసి, అక్క చెయ్యి పట్టుకోకుండానే కిందికి దిగాను. అక్క వెనక నుంచి "నిదానమే, నిదానమే" అంటూనే ఉంది.

ఊళ్లో తిరగడానికి ఆటోనే మేలు. సిటీ బస్సు మెట్టు ఎత్తు, షేర్ ఆటోలో కాలు చాపలేరు. రైల్వే స్టేషన్‌లో పది ప్లాట్‌ఫారాలు, వంతెనలు పొడవు. లిఫ్టు ఎటువైపు ఉందో ముందే కనుక్కుని, అరగంట ముందు చేరండి. వేసవిలో అయితే పొద్దున ఏడు దాటితే నడవలేరు, వీలుంటే సంక్రాంతి ముందూ వెనకా పెట్టుకోండి. క్లినిక్‌కి ఫోన్ చేసినప్పుడు రెండే అడగండి: మొదటిరోజు కొలతలు రాసి ఇస్తారా, ఇంట్లో చేసుకునేవి నేర్పుతారా. అవునన్నవాళ్ల దగ్గరికి వెళ్లండి, బస ఆ వీధి చుట్టుపక్కల వెతకండి.