విజయవాడ బీసెంట్ రోడ్డు సందులో దొరికిన ‘ళ’ రంగు

ఆరు నెలలుగా నా మంగళగిరి నేతచీర ఒకటి జాకెట్టు లేక బీరువాలోనే ఉండిపోయింది. దాని రంగు నాకు ‘ళ’. వంకాయ రంగు కాదు, నేరేడుపండు రంగూ కాదు. ఊహ తెలిసినప్పటి నుంచి నాకు ప్రతి అక్షరానికీ ఒక రంగుంది. పుస్తకంలో సిరా నల్లగానే కనిపిస్తుంది, చదువుతుంటే మనసులో రంగు మెదులుతుంది. ‘క’ మందారం, ‘త’ గంధం. ఇన్నేళ్లలో ఒక్కటీ మారలేదు. దీన్ని సినస్థీషియా అంటారనీ, అంకెలు రంగుల్లో తోచేవారి గురించి బ్రిటిష్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1880లోనే రాశాడనీ నలభై దాటాక చదివి, ఆ రాత్రి నిద్రపోలేదు. ఇది కుటుంబాల్లో వస్తుందట. మా అక్కకూ ఉంది, అయితే ఆమెకు ‘ళ’ తమలపాకు పచ్చ! చిన్నప్పుడు దీని మీద ఎన్ని తగవులు పడ్డామో.

మొదట వేరే దుకాణంలో ట్యూబులైటు కింద కలిసిందనుకుని మీటరు గుడ్డ కోయించుకున్నాను. ఎండలోకి రాగానే గోధుమరంగు తేలింది. రెండు గుడ్డల అద్దకాలు వేరైతే అంతే, ఒక దీపం కింద కలిసిపోతాయి, మరో వెలుగులో విడిపోతాయి.

ఆ తర్వాత బీసెంట్ రోడ్డు సందులోని ఈ చిన్న మ్యాచింగ్ సెంటరుకు వెళ్లాను. ఇక్కడి పెద్దాయన నన్ను రంగు పేరే అడగలేదు. చీర అంచు చేత్తో మూసి, ఒళ్లు మాత్రం చూశారు. ధైర్యం చేసి అక్షరం సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. “ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతారమ్మా. ఇది మీకు ఎరుపు వైపా, నీలం వైపా?” అన్నారు. నీలం వైపు అన్నాను. పదకొండు తానులు దించి, ఒక్కొక్కటీ గడప బయటికి తెచ్చి చీర మీద పరిచారు. తొమ్మిదోది పరచగానే నాకు గొంతు పట్టేసింది. అదే ‘ళ’.

టూ బై టూ గుడ్డ, మీటరు 120 రూపాయలు. రెండుసార్లు ఉతికాను, రంగు దిగలేదు. లైనింగు గుడ్డలో మాత్రం రంగులు తక్కువ, అది వేరేచోట కొనాల్సి వచ్చింది. కూర్చోవడానికి ఒకటే స్టూలు. చీర తప్పకుండా వెంట తీసుకెళ్లండి, ఫోనులో ఫొటో చూపిస్తే ఆయన తాను దించరు. సాయంత్రం నాలుగులోపే వెళ్లండి, ఆ తర్వాత సందులోకి వెలుగు రాదు.