నలభై మిరప రకాలు, ఒక ఉచిత సాఫ్ట్‌వేర్

మొక్కల ప్రజననంలో పీజీ చేస్తున్నా, రెండో ఏడాది దాకా మల్టీవేరియేట్ స్టాటిస్టిక్స్ (అనేక కొలతలను కలిపి చూసే గణాంకాలు) అంటే నాకు సీనియర్ల థీసిస్‌ల చివర్లో కనిపించే పట్టికలే. సొంతంగా నలభై మిరప రకాలు వేసి, మొక్క ఎత్తు, కాయల సంఖ్య, కాయ పొడవు, వెయ్యి విత్తనాల బరువు కొలిచాక గానీ వాటి అవసరం తెలిసి రాలేదు. డబ్బు పెట్టి ప్యాకేజీ కొనే స్తోమత లేదు. అందుకే గణాంకాలు కట్టే ఆర్ (R)ను ఎంచుకున్నాను. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ నా ఏడేళ్ల పాత లాప్‌టాప్‌లో మొరాయించకుండా నడిచింది.

మొదటి రోజే పీసీఏ, అంటే అనేక కొలతలను కలిపి కొద్ది కొత్త అక్షాలకు కుదించే విశ్లేషణ, చేసేశాను. ‘పీఆర్‌కాంప్’ అని ఒక్క వరుస కొడితే చాలు. మొదటి కాంపొనెంట్‌లోనే, అంటే మొదటి అక్షంలోనే, 93 శాతం వేరియన్స్ (రకాల మధ్య తేడా) ఉందని వచ్చింది. ఆ రాత్రే స్నేహితురాలికి ఫోన్ చేసి గొప్పలు చెప్పుకున్నాను. తీరా చూస్తే అందులో ఉన్నదంతా కాయల సంఖ్యే! మొక్కకు 40 నుంచి 250 దాకా కాసే కాయల ముందు, నాలుగు నుంచి ఏడు గ్రాముల మధ్య ఉండే విత్తనాల బరువు ఏ మూలకు? కొలతలన్నిటినీ ఒక స్థాయికి తెమ్మని మనమే అడగాలి, అడగకపోతే ఆర్ ఆ పని చేయదు. పాత ఎస్ భాషతో పొంతన కోసం అలా ఉంచామని, మామూలుగా స్కేల్ చేయడమే మంచిదని సహాయ పేజీలో రాసే ఉంది. చదవనిది నేను. స్కేల్ చేశాక 93 కాస్తా 52కి దిగింది గానీ, కాయ పొడవు, విత్తనాల బరువు ఒకవైపు, కాయల సంఖ్య ఎదురువైపు నిలిచాయి. కాయ చిన్నదైతే కాపు ఎక్కువని ఏ మిరప రైతును అడిగినా చెబుతాడు. అదే మాట నా పట్టికలో కనిపించేసరికి పీసీఏ మీద నమ్మకం కుదిరింది.

ఇక మా శాఖలో అందరూ చేసే డీ-స్క్వేర్: అన్ని కొలతలనూ కలిపి రకాల మధ్య దూరం, అంటే తేడా, ఎంతో చూసే పద్ధతి. దాన్ని రూపొందించిన గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ పేరుతోనే ఆర్‌లో ఒక ఫంక్షన్ ఉంది. అది ఇచ్చేది దూరాన్ని కాదు, దూరపు వర్గాన్ని (స్క్వేర్‌ను). నేను దాన్ని మళ్లీ వర్గం చేశాను. ఆ అంకెలు చూసి మా గైడ్ మేడమ్, “మిరపకూ వరికీ మధ్య దూరం కొలిచావా అమ్మా?” అన్నారు.

సహాయ పేజీలు తెలిసినవాళ్లు తెలిసినవాళ్ల కోసం రాసుకున్నట్టుంటాయి. కొత్తవాళ్లు వాటితో మొదలుపెట్టవద్దు. ఆర్‌తో పాటే వచ్చే ఐరిస్ పూల పట్టిక తీసుకోండి: మూడు జాతులు, 150 పూలు, నాలుగు కొలతలు. అందులో ఐదు పూలకు, రెండు కొలతలకు కోవేరియన్స్‌ను (రెండు కొలతలు కలిసి ఎలా మారతాయో చెప్పే అంకెను) కాగితం మీద కట్టి, ఆర్‌లోని ‘కోవ్’ ఫంక్షన్ ఇచ్చే జవాబుతో సరిచూసుకోండి. నాకు మొదటిసారి కలవలేదు. నేను ఐదుతో భాగించాను, ఆర్ నాలుగుతో భాగిస్తుంది. ఎందుకో తెలుసుకోవడానికి ఒక సాయంత్రం పట్టింది. తరగతిలో బట్టీపట్టిన సూత్రం నాకు నిజంగా అర్థమైంది ఆ సాయంత్రమే.

ఆర్‌కు ఐదుకు నాలుగు మార్కులు ఇస్తున్నాను. కోసిన ఆ ఒక్కటీ పీసీఏ ఫలితాన్ని గీసి చూపే బైప్లాట్ బొమ్మకు. ఐరిస్‌తో గీస్తే 150 పూల అంకెలు ఒకదానిపై ఒకటి ఎక్కి, బెల్లం ముక్కకు పట్టిన చీమల్లా ఉంటుంది.