సర్వర్‌కి గుచ్చిన డిజిటల్ సంతకం టోకెన్: ఏళ్ల వాడకం తర్వాత నా మాట

మా కంపెనీలో ఉద్యోగుల ఫారం 16లు, కస్టమర్ల ఇన్వాయిస్‌లు అన్నీ డిజిటల్ సంతకంతోనే బయటికి వెళ్తాయి. ఒక్కో పీడీఎఫ్ తెరిచి సంతకం పెట్టే మనిషి లేడు, సర్వర్‌కి గుచ్చిన పెన్‌డ్రైవ్ లాంటి యూఎస్‌బీ టోకెన్ సాయంతో, రాత్రిపూట నడిచే ప్రోగ్రాం ఆ పని చేస్తుంది. దాన్ని నిలబెట్టే బాధ్యత నాది కాబట్టి, కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు మెచ్చుకోవాల్సింది. సంతకం పెట్టే రహస్య సంకేతం, అంటే ప్రైవేట్ కీ, టోకెన్ లోపలి చిప్‌లోనే పుడుతుంది, అక్కడి నుంచి బయటికి రాదు. ప్రోగ్రాం పంపేది డాక్యుమెంట్ హ్యాష్ (దాని నుంచి లెక్కగట్టిన చిన్న వేలిముద్ర లాంటిది) మాత్రమే, తిరిగొచ్చేది సంతకం. సర్వర్ డిస్క్ మొత్తం ఎవరైనా కాపీ చేసుకెళ్లినా కీ వాళ్ల చేతికి చిక్కదు. ఇంత చిన్న వస్తువు ఇంత భద్రత ఇవ్వడం నిజంగా గొప్ప విషయం. వేగం మాత్రం తక్కువ. ఒకదాని తర్వాత ఒకటిగానే సంతకాలు పడతాయి. రాత్రి బ్యాచ్‌కి ఇది చాలు, కౌంటర్ దగ్గర కస్టమర్ నిలబడి ఉండే చోటికి సరిపోదు.

అసలు తలనొప్పి పిన్‌తో వస్తుంది. ప్రోగ్రాంని విండోస్ సర్వీస్‌గా, అంటే ఎవరూ లాగిన్ కాకుండానే వెనకాల నడిచేలా పెడితే, పిన్ అడిగే విండో ఎవరికీ కనపడని చోట తెరుచుకుంటుంది. లాగ్‌లో ఎర్రర్ ఉండదు, పని ముందుకు సాగదు. టోకెన్‌తో ప్రోగ్రాం నేరుగా మాట్లాడేందుకు వాడే పీకేసీఎస్ 11 లైబ్రరీ ద్వారా పిన్ ఇచ్చి, బ్యాచ్ అయ్యేదాకా ఒకే సెషన్ తెరిచి ఉంచడమే దీనికి మందు. పిన్ తప్పైతే ప్రోగ్రాం మళ్లీ ప్రయత్నించకూడదు, అక్కడే ఆగిపోవాలి. వరుసగా కొన్నిసార్లు తప్పు పిన్ వెళ్తే టోకెన్ లాక్ అవుతుంది. అన్‌లాక్ దారి లేక ఇనిషియలైజ్ చేయాల్సి (అంతా చెరిపి కొత్తగా మొదలుపెట్టాల్సి) వస్తే, కీతో పాటు ఆ సంతకం ఎవరిదో చెప్పే సర్టిఫికెట్ కూడా పోయినట్టే.

ఇంకొకటి, చాలామందిని తిప్పలు పెట్టేది. టోకెన్ సర్వర్‌కే గుచ్చి ఉంటుంది, లైటు వెలుగుతూనే ఉంటుంది, రిమోట్ డెస్క్‌టాప్‌లో లాగిన్ అయితే మాత్రం టోకెన్ లేదంటుంది. డ్రైవర్ తీసేసి మళ్లీ వేసినా అదే మాట. రిమోట్ సెషన్‌లో విండోస్ వెతికేది మీ టేబుల్ మీది కంప్యూటర్‌కి గుచ్చిన టోకెన్ కోసం, సర్వర్‌కి ఉన్నదాని కోసం కాదు. సర్వర్ ముందు కూర్చుని చూస్తే అన్నీ సక్రమంగా ఉంటాయి.

సంతకం ఎప్పుడు పడిందో రుజువు చేసే టైమ్‌స్టాంప్ తప్పకుండా వేయించండి. సర్టిఫికెట్ గడువు మహా అయితే 3 ఏళ్లు. ఆ తర్వాత ఎవరైనా ఫైలు తెరిస్తే, సంతకం గడువులోపలే పడిందని చూపించేది అదే. హోమ్ లోన్ కోసం బ్యాంకులో ఫారం 16 ఇచ్చిన ఉద్యోగికి పసుపు రంగు ప్రశ్నార్థకం కనిపిస్తే ఫోన్ మనకే వస్తుంది. చాలాసార్లు తప్పు టోకెన్‌ది కాదు, ఆ కంప్యూటర్‌లోని పీడీఎఫ్ రీడర్ సీసీఏ ఇండియా రూట్‌ని (మన దేశంలోని డిజిటల్ సర్టిఫికెట్లన్నిటికీ మూలమైన ప్రభుత్వ సర్టిఫికెట్‌ని) నమ్మకపోవడం వల్ల వచ్చేది.

వీటన్నిటికంటే నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. డైరెక్టర్ సొంత టోకెన్‌ని సర్వర్‌కి గుచ్చి, పిన్‌ని పక్కనే ఫైల్లో పెట్టొద్దు. కంపెనీల వ్యవహారాలు చూసే ఎంసీఏ పోర్టల్‌లో, ఇన్‌కమ్ ట్యాక్స్‌లో, జీఎస్టీలో ఆయన తరఫున చెల్లేది కూడా ఆ సంతకమే. సర్వర్‌లోకి దూరినవాడు ఆయన పేరుతో ఏదైనా దాఖలు చేయగలడు. తహసీల్దార్ల డిజిటల్ కీలు ఆపరేటర్ల చేతుల్లో ఉంటున్నాయన్న వార్తలు మన పేపర్లలో చూస్తూనే ఉన్నాం, ఇదీ అలాంటిదే. కీ తన అదుపులో ఉంచుకోవాల్సిన బాధ్యత సర్టిఫికెట్ తీసుకున్నవారిదేనని ఐటీ చట్టం 2000, సెక్షన్ 42 చెబుతోంది. సాఫ్ట్‌వేర్ సంతకాల కోసమే సంస్థ పేరు మీద ఇచ్చే డాక్యుమెంట్ సైనర్ సర్టిఫికెట్ వేరే ఉంది. ఖర్చు ఎక్కువే, కాగితాలూ ఎక్కువే. మేం దానికి మారాక డైరెక్టర్ టోకెన్ ఆయన బీరువాలోకి వెళ్లింది, నాకూ టెన్షన్ తగ్గింది.

కొనేటప్పుడు గడువు తేదీ జూన్‌లో పడకుండా చూసుకోండి. ఫారం 16లు జూన్ 15లోపు ఇవ్వాలి. రెన్యూవల్ అంటే మళ్లీ వెరిఫికేషన్, కొత్త కీ, ప్రోగ్రాంలో సర్టిఫికెట్ మార్పు, అన్నీ ఉంటాయి. ఆ పనికి జనవరి, ఫిబ్రవరి నయం.