గ్రేట్ సర్కిల్ మ్యాపర్: దూరం పక్కా, టైమ్ మాత్రం మనమే వేసుకోవాలి

రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం చూపించే సైట్లు బోలెడున్నాయి. ఊరి పేర్లు కొట్టగానే కిలోమీటర్లతో పాటు "ఫ్లైట్ టైమ్" కూడా చూపిస్తాయి, ఆ టైమ్ ఎలా వచ్చిందో మాత్రం చెప్పవు. వాటితో పోలిస్తే గ్రేట్ సర్కిల్ మ్యాపర్ చూడ్డానికి పాతకాలపు సైటే, కానీ లెక్క గట్టిది. గ్రేట్ సర్కిల్ అంటే గుండ్రటి భూమి మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి.

వాడటం తేలిక. ఎయిర్‌పోర్టుల మూడక్షరాల కోడ్‌లు రెండు రాసి, మధ్యలో హైఫన్ పెడితే చాలు. ఎల్‌హెచ్‌ఆర్-జేఎఫ్‌కే అని కొడితే లండన్ హీత్రో నుంచి న్యూయార్క్‌కి 3,451 మైళ్లు, అంటే 5,554 కిలోమీటర్లు. భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధం ఉన్న గుండ్రటి బంతి అనుకుని లెక్కేసే సైట్లలో ఇదే దూరం 5,540 దగ్గర ఆగుతుంది. భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉంటుంది కదా, ఆ తేడా అది. బయల్దేరే దిక్కు కూడా చూపిస్తుంది: సుమారు 288 డిగ్రీలు. న్యూయార్క్ లండన్‌కి దక్షిణంగా ఉన్నా విమానం ముందు వాయవ్యం వైపు తిరుగుతుందన్నమాట. చదునైన మ్యాపు మీద స్కేలు పెట్టి గీసేవాళ్లు తప్పేది ఇక్కడే.

ఇక టైమ్. దూరాన్ని గంటకి 850 కిలోమీటర్లతో భాగించి అరగంట కలపడం మామూలు పద్ధతి. పై రూటుకి 7 గంటలు వస్తుంది, అటైనా ఇటైనా అదే. నిజంలో అలా కాదు. విమానాలు ఎగిరే ఎత్తులో ఉండే వేగమైన గాలి, జెట్ స్ట్రీమ్, పడమర నుంచి తూర్పుకి వీస్తుంది. సగటున గంటకి 100 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే గాల్లోనే దాదాపు 7 గంటల 24 నిమిషాలు, అదే గాలి వెనకనుంచి తోస్తే 5 గంటల 51 నిమిషాలు. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలుల పుణ్యమా అని ఓ విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. దాన్ని నమ్ముకుని కనెక్షన్ బుక్ చేయకండి.

టికెట్ మీద ఉండేది బ్లాక్ టైమ్: గేటు నుంచి కదిలిన క్షణం నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా. అందుకే 500 కిలోమీటర్ల రూటుకి భాగహారం 35 నిమిషాలే చెప్పినా, టికెట్ మీద గంటా పావు దాకా కనిపిస్తుంది. రన్‌వే దాకా విమానం నేలమీద నడవడం, పైకెక్కడం, దిగడం... ఇవన్నీ దగ్గరి రూటుకీ తప్పవు.

మూసేసిన గగనతలం సంగతి ఏ కాలిక్యులేటరూ పట్టించుకోదు. 2022 నుంచి ఫిన్లాండ్ విమాన సంస్థ ఫిన్‌ఎయిర్‌కి రష్యా మీదుగా దారి లేదు. హెల్సింకి-టోక్యో దూరం ఇప్పటికీ సుమారు 7,800 కిలోమీటర్లే, ప్రయాణం మాత్రం తొమ్మిదిన్నర గంటల నుంచి 13 గంటల దాకా పెరిగింది.

కోడ్ విషయంలో జాగ్రత్త. ఎస్‌జేసీ కాలిఫోర్నియాలోని శాన్ హోసే, ఎస్‌జేఓ కోస్టారికాది. యూనిట్లు కూడా ఓసారి చూసుకోండి. డిఫాల్టుగా వచ్చేవి మామూలు మైళ్లు, ఒక్కోటి 1.609 కిలోమీటర్లు. పైలట్లు వాడే నాటికల్ మైలు 1.852. పై రూటే నాటికల్‌లో 2,999కి దిగుతుంది.